ఒకే పొలానికి మూడు రికార్డులు – కంప్యూటర్ ఎలా వెదుకుతుంది?

కంప్యూటర్‌లో ఒక పేరు కొట్టగానే క్షణంలో సమాధానం వస్తుంది. లక్షల రికార్డులను అది అప్పటికప్పుడు తిరగేస్తుందనుకుంటాం. నిజానికి అలా చేయదు. పుస్తకం చివర ఉండే పదసూచికలాగా, ఏ మాట ఏ రికార్డులో ఉందో ముందే పట్టిక వేసుకుంటుంది. దీన్నే ఇండెక్స్ అంటారు.

రికార్డులన్నీ ఒకే రకమైతే చిక్కు లేదు. రకరకాలవి ఒకేచోట చేర్చాలంటేనే చిక్కు. మన నాగాయలంక రైతులకు బాగా తెలిసిన భూమి రికార్డులనే ఉదాహరణగా తీసుకుందాం.

2015లో మన రాష్ట్రంలో ‘మీభూమి’ వెబ్‌సైటు మొదలైంది. అందులో అడంగల్, 1-బి, పొలం కొలతల పటం (ఎఫ్.ఎం.బి.) చూడవచ్చు. అడంగల్‌ను పొలాన్నిబట్టి రాస్తారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి ఆధారం, పంట, పట్టాదారు, అనుభవదారు అందులో ఉంటాయి. 1-బి ఖాతానుబట్టి ఉంటుంది. ఒక ఖాతా కింద ఎన్ని సర్వే నంబర్లున్నా అందులో కనిపిస్తాయి. మూడవది బొమ్మ. ఈ మూడింటికీ కలిపి మనమే ఒక ఇండెక్స్ తయారు చేయాలంటే ఏం చేయాలి?

1. అన్నిటినీ ఒకే రికార్డుగా కుక్కకూడదు. ఒక ఖాతాలో ఎకరం వరి, మూడెకరాల చేపల చెరువు ఉన్నాయనుకోండి. రెండూ కలిపేస్తే “మూడెకరాల వరి” అని అడిగినా అదే ఖాతా వస్తుంది. అది తప్పు సమాధానం. కనుక ఒక్కొక్క పొలం ఒక్కొక్క రికార్డుగా ఉండాలి.

2. ప్రతి రికార్డుకు ‘రకం’ అనే గడి ఉండాలి. అప్పుడు అడంగల్ మాత్రమే కావాలన్నా, అన్నీ కావాలన్నా ఇవ్వవచ్చు.

3. ఉమ్మడి గడులను ఒకే తీరున రాయాలి. ఒకచోట 112/1, మరోచోట 112-1 అని ఉంటే కంప్యూటర్‌కు అవి రెండు పొలాలు. పైగా 112 నంబరు ప్రతి ఊళ్ళోనూ ఉండవచ్చు. కనుక ఊరు, సర్వే నంబరు కలిస్తేనే అసలు గుర్తు.

4. లేని వివరం గడిని ఖాళీగా వదలాలి. పటానికి పంట ఉండదు. 1999లో డగ్ కట్టింగ్ రాసిన ‘లూసీన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డులన్నిటికీ ఒకే గడులు ఉండనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. పట్టాదారు, అనుభవదారు అనే రెండు గడులనూ ‘పేరు’ అనే ఒకే గడిగా కలిపేస్తే భూమి ఎవరిదో, సాగు ఎవరిదో తెలియదు. అనుభవదారు గడిని వదిలేస్తే సాగు చేసేవాడు అసలే కనిపించడు. మనలో చాలామంది తండ్రులు కౌలు రైతులు. తుఫాను వచ్చి పంట మునిగినప్పుడు నష్టపోయేది వాళ్ళే. వాళ్ళ కోసం 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. అయినా కాగితం మీదకు ఎక్కని పేరును ఎంత గొప్ప కంప్యూటరైనా వెదికి తేలేదు.

కాబట్టి మిత్రులారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్నగారు సాగుచేసే పొలం సర్వే నంబరు అడిగి తెలుసుకోండి. అడంగల్ తీసి, అనుభవదారు గడిలో ఎవరి పేరుందో మీరే చదివి వినిపించండి. మన చదువుకు అంతకన్నా మంచి ఉపయోగం ఏముంటుంది?