బెండకాయ జిగురుకీ జ్ఞాపకం ఉంది

గుంటూరు, ప్రకాశం వైపు మిరపతోటల్లో మందు కొట్టడం చూసే ఉంటారు. కొంత ఆకు మీద పడుతుంది, కొంత గాలికి లేచి కొట్టేవాళ్ల ముక్కులోకే పోతుంది. చుక్క ఎంత సన్నగా ఉంటే అంత దూరం ఎగురుతుంది. ఆ నీళ్లలో చిటికెడు పాలిమర్ కలిపితే సన్న చుక్కలు తగ్గుతాయి. ఎందుకని?

బెండకాయ కోసి ముక్కలు విడదీయండి (పత్తికి చుట్టమే ఇది). జిగురు తీగలా సాగుతుంది. నీళ్లు సాగవు, పుటుక్కున తెగుతాయి. నీళ్లకి న్యూటన్ సూత్రం చాలు: ఎంత వేగంగా కదిపితే అంత ప్రతిబలం, ఆపగానే సున్నా. జిగురులోని పొడవాటి అణువులు మాత్రం సాగదీస్తే మళ్లీ ముడుచుకోవాలని చూస్తాయి. అందుకే మాక్స్‌వెల్ మోడల్‌లో ఒక స్ప్రింగూ, నూనెలో కదిలే ఒక పిస్టనూ వరసగా ఉంటాయి. స్నిగ్ధతని స్ప్రింగు బిగువుతో భాగిస్తే వచ్చేది రిలాక్సేషన్ టైమ్, అంటే ద్రవం తన మీద పడ్డ లాగుడుని మరిచిపోవడానికి పట్టే సమయం. బాగా మెలితిరిగే ప్రవాహాలకి ఇది సరిపోదు. 1950లో ఓల్డ్‌రాయిడ్ దాన్ని సరిదిద్దాడు.

నాజిల్ దగ్గర నీటిపొర చీలేది అంతకంటే తక్కువ సమయంలో అయితే అణువులకి మరిచిపోయే తీరిక ఉండదు. సాగి, తీగని తెగనివ్వవు. చుక్క లావవుతుంది.

కాకపోతే పంపులో మళ్లీమళ్లీ తిరిగితే ఆ గొలుసులే తెగుతాయి. రిలాక్సేషన్ టైమ్ పడిపోతుంది, సన్న చుక్కలు మళ్లీ లేస్తాయి.