పల్లె చర్చిలో పెళ్లి: పాపం మీద మాట, కులం మీద మౌనం

దళిత క్రైస్తవుల గురించి చర్చ అనగానే మనవాళ్లు రిజర్వేషన్ల దగ్గర మొదలుపెట్టి రిజర్వేషన్ల దగ్గరే ఆపేస్తారు. ఆ చర్చ అవసరమే. కానీ మాలపల్లెలో, మాదిగగూడెంలో ఒక ఆడపిల్ల బతుకును రోజూ నిర్ణయించే ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఎవరిని చేసుకోవచ్చు, ఎవరిని ప్రేమించకూడదు, మొగుడు వదిలేస్తే ఎవరి దగ్గరికి పోవాలి? ఇంట్లో పెద్దల తర్వాత వీటిమీద తీర్పు చెప్పేది సంఘ పెద్దలూ పాస్టరయ్యగారూ. ఆ తీర్పులో పాపం గురించి చాలా మాటలుంటాయి. కులం గురించి మాత్రం ఒక్క మాటా ఉండదు. ఈ మౌనం ఎట్లా తయారైందో, దాని బరువు ఎవరి మీద పడుతున్నదో వివరించడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ఓలి పోయింది, ప్రమాణం వచ్చింది

మిషన్లు రాకముందు మాల మాదిగల పెళ్లిళ్లలో ఓలి ఉండేది. అంటే సొమ్ము ఇచ్చేది మగపిల్లవాడి తరఫువాళ్లు. పొసగకపోతే కులపెద్దల ముందు విడుపు ఉండేది. విడిపోయిన స్త్రీకీ, భర్త చనిపోయిన స్త్రీకీ మారుమనువు ఉండేది. అదంతా స్వర్గమని మేము చెప్పడం లేదు. పంచాయితీలో కూర్చున్నది మగవాళ్లే. మారుమనువు చేసుకున్న మనిషికి తొలి పెళ్లి గౌరవం దక్కేది కాదు. అన్నిటికీ మించి, దళిత స్త్రీ ఒంటి మీద ఊరి పెత్తందారు తన హక్కు చలాయించేవాడు. జోగిని ఆచారం ఆ హక్కుకు దేవత పేరు తగిలించింది. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో కూడా చట్టం చేయాల్సి వచ్చింది.

ఈ నేపథ్యంలో చూస్తేనే చర్చి పెళ్లి విలువ తెలుస్తుంది. ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి బోధించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకు ముఖ్యంగా చెప్పిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటి నియమం ఒట్టి భక్తి కాదు. వారంలో ఒక రోజైనా నా ఒళ్లు దొరది కాదని చెప్పడం. చర్చి పెళ్లీ అలాంటిదే. రిజిస్టరులో ఆమె పేరు, ఆమె సంతకమో వేలిముద్రో, సాక్షులు, వీటి వెనక 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం. ఎవడైనా చెయ్యి పట్టుకోవచ్చనుకున్న మనిషి చట్టం ముందు భార్యగా నిలబడింది.

అయితే మరో చట్టం బయటికి వచ్చే దారి మూసింది. 1869 విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే భర్తకు విడాకులు దొరుకుతాయి. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు అతని క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, అలాంటిదే మరొకటో కలిపి రుజువు చేయాలి. జిల్లా కోర్టు ఇచ్చిన డిక్రీని హైకోర్టు ఖాయం చేస్తేగానీ చెల్లదు. కూలికి పోయే మనిషి ఏ హైకోర్టుకు పోగలదు? 1995లో కేరళ హైకోర్టు ఈ అసమానతను తప్పుపట్టి కొట్టేసింది. పార్లమెంటు సవరించింది 2001లో. అంటే 132 ఏళ్లు. కులపెద్దల ముందు విడుపు ‘అన్యుల ఆచారం’ అయిపోయింది. కోర్టు విడాకులు అందలేదు. మధ్యలో మిగిలింది ఓర్పు. ఆ ఓర్పుకే క్రైస్తవ స్త్రీ సుగుణమని పేరు పెట్టారు. ఈలోగా అగ్రకులాలను చూసి ఓలి స్థానంలో కట్నం వచ్చి కూర్చుంది. 1961లోనే నిషేధించిన కట్నాన్ని ఇవాళ ప్రధానం రోజున ‘కానుక’ అని మాట్లాడుకుని, ప్రార్థన చేసి లేస్తున్నారు.

‘సాక్ష్యం’ ఎవరిది?

చర్చిలో లైంగికత గురించి మాట్లాడరనుకోవడం పొరపాటు. యవనస్తుల కూటాల్లో, స్త్రీల సమాజాల్లో మాట్లాడుతూనే ఉంటారు. కాకపోతే పవిత్రత, శరీరేచ్ఛ, సాక్ష్యం అనే మాటల్లో మాట్లాడతారు. తప్పు చేసినవారిని ప్రభువు బల్లకు దూరం పెట్టే క్రమశిక్షణ చాలా సంఘాల్లో ఉంది. కాగితం మీద ఆ నియమం ఆడా మగా ఇద్దరికీ ఒకటే. కానీ కడుపు కనబడేది ఒకరికే. ఆమె సంఘం ముందు తలవంచుకుని నిలబడుతుంది. అతను వచ్చే ఆదివారం ఇంకో చర్చికి పోతాడు. భార్యను కొట్టిన భర్తను బల్లకు దూరం పెట్టారని మేము తిరిగిన పల్లెల్లో వినలేదు. అది ‘కుటుంబ సమస్య’ అట, దానికి ప్రార్థన చాలట. 2013లో పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు, మొత్తం దక్షిణ ఇండియా సంఘానికే తొలి మహిళా బిషప్పు అయ్యారు. పల్లెలో ఇలాంటి తగువు తీర్చడానికి కూర్చునే పెద్దలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్లే.

విజోడు

అవిశ్వాసితో పెళ్లి వద్దని చెప్పడానికి సంఘంలో వాడే మాట ‘విజోడు’. ఆచరణలో దాని అర్థం వేరు. సొంత కులంలో, బాప్తిస్మం లేని మేనబావ ఉంటే పెళ్లికి ముందు బాప్తిస్మం ఇప్పించి మేనరికం కానిస్తారు. అదే మాలల అమ్మాయి పుట్టుకతో క్రైస్తవుడైన మాదిగ అబ్బాయిని చేసుకుంటానంటే అది ‘దేవుని చిత్తం కాదు’. అటునుంచీ అంతే. ఇందుకు మూలం మిషన్ల చరిత్రలోనే ఉంది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టుల్లోకి ఎక్కువగా మాదిగలు వచ్చారు. గుంటూరు ప్రాంతంలో లూథరన్లలోకి మాలలు పెద్దసంఖ్యలో వచ్చారు. ఏ మిషన్ అన్నదే ఏ కులమన్న దానికి గుర్తయింది. సంబంధాలు చూసేటప్పుడు ‘మా మిషన్ వాళ్లేనా’ అని అడిగితే అడిగినవాళ్లకూ విన్నవాళ్లకూ అసలు సంగతి తెలుసు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. వాటా పంచడం న్యాయం. పెళ్లి దగ్గర గోడ ఏ కోర్టూ పడగొట్టలేదు.

ఊరి కులాలతో పెళ్లయితే ప్రాణమే పోవచ్చు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లముందే హత్యకు గురైన ప్రణయ్ దళిత క్రైస్తవ కుటుంబం బిడ్డ. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రేమపెళ్లిని ‘శరీరేచ్ఛ’ అని తీసిపారేసే ప్రసంగం తెలియకుండానే హంతకుల వాదానికి బలమిస్తుంది. అక్కడ పాపం ప్రేమ కాదు, కులం.

సర్టిఫికెట్టు నీడలో కాపురం

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్.సి.లు. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లో బి.సి.–సి కింద 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఉండదని చెప్పింది. అందుకే చర్చి ఇచ్చే పెళ్లి సర్టిఫికెట్టు ఇవాళ గౌరవం కన్నా భయాన్నే ఎక్కువ ఇస్తున్నది. శుభలేఖ మీద సిలువ వేయాలా వద్దా అని ఆలోచించే ఇళ్లున్నాయి. చర్చిలో పెళ్లి చేసుకుని, రిజిస్ట్రేషను హిందూ వివాహ చట్టం కింద చేయించుకునేవాళ్లున్నారు.

ఈ సర్దుబాటు నష్టం ముందుగా తగిలేది స్త్రీకి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవులైతే హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లి చెల్లదని తేల్చింది. అంటే భార్యను వదిలించుకోవాలనుకున్న భర్త ఉద్యోగం దగ్గర హిందువు, కోర్టు దగ్గర క్రైస్తవుడు అయ్యే వీలుంది. మతాలు వేరైనప్పుడు 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉందనీ, 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సహజీవనానికీ వర్తిస్తుందనీ పెళ్లికి ముందు ఆ పిల్లకు చెప్పేవాళ్లెవరు? మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివే చర్చి ఈ సంగతి ఒక్క ఆదివారం చెప్పవచ్చు.

పేరు కూడా పలకనివాళ్లు

ఇక స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు. వాళ్ల మాట వస్తే చాలాచోట్ల సమాధానం ‘దయ్యం’, మందు ప్రార్థన. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ను 1860లో రాసిందీ, 1869 విడాకుల చట్టం రాసిందీ ఒకే వలస ప్రభుత్వం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ నేరాన్ని తొలగించింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు హిజ్రాలను పుట్టు నేరస్థులుగా చూసే నిజాం కాలపు చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరు 17న, స్వలింగ జంటలకు పెళ్లి హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులు ఇట్లా ముందుకూ వెనక్కూ నడుస్తుంటాయి. పుట్టిన ఒంటిని బట్టి మనిషిని అంటరానివాణ్ని చేస్తే ఎట్లా ఉంటుందో మన పల్లెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ పల్లెలోని చర్చే ఇంకొకరిని అదే మాదిరి బయట నిలబెడుతున్నది.

యవనస్తుల కూటాల్లో, హాస్టళ్లలో పనిచేసే మిత్రులు ఈ చర్చను మూడు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. గర్భిణిని బల్లకు దూరం పెట్టిన సంఘం, కట్నం తీసుకున్నవాణ్నీ భార్యను కొట్టినవాణ్నీ ఎందుకు పెట్టలేదు? మాల మాదిగ పెళ్లి ప్రకటన రెండు చర్చిల్లోనూ ఎందుకు చదవకూడదు? మన పెళ్లి ఏ చట్టం కింద జరిగింది, దాని కాగితం ఎవరి దగ్గరుంది? మూడో ప్రశ్న ఆడవాళ్ల కూటంలో ముందు అడగాలి. చాలామందికి ఆ కాగితం ఇప్పటిదాకా చూపించనే లేదు.