బడి కబురు ఊరికి, ఇంటి కబురు బడికి

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలు తమ కష్టాన్ని మాటల్లో పెట్టి చెప్పలేరు. ఆకలేసినా, చూపు మందగించినా, రాత్రి ఇంట్లో గొడవ జరిగినా, పక్కనున్నవాడు రోజూ గిల్లుతున్నా ఆ సంగతి ఇంకో రూపంలో బయటపడుతుంది. నిన్నటిదాకా ముందు వరుసలో కూర్చున్న పిల్ల గోడవారకు జరుగుతుంది. ఎప్పుడూ మారు అన్నం పెట్టించుకునేవాడు పళ్లెంలో మెతుకులు వదిలేస్తాడు. సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పి ఆదివారం మాత్రం రాదు. వీటిలో కొన్ని టీచరు కంటనే పడతాయి, కొన్ని తల్లికే తెలుస్తాయి. రెండు చోట్లా తెలిసినవి ఒకచోటికి చేరితే తప్ప పిల్లకు ఏమైందో అర్థం కాదు. అందుకే ప్రాథమిక పాఠశాలలో పిల్లల క్షేమం అన్నప్పుడు భవనాలు, బెంచీల కన్నా ముందు బడికీ ఊరికీ మధ్య కబురు ఎలా నడుస్తోందో చూడాలి.

దీన్ని గమనించడానికి ఖమ్మం జిల్లా వైరా ప్రాంతం తగిన చోటు. నిజాం కాలంలో వైరా నది మీద కట్టిన జలాశయం కింద వరి పండే మాగాణి ఒకవైపు. ఏన్కూరు, కారేపల్లి, జూలూరుపాడు దిక్కుగా పోతే పత్తి, మిర్చి చేలు, ఆపైన అడవి. శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి గిరిజనులకు రిజర్వు అయింది. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడదీసినప్పుడు జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది, వైరా ఖమ్మంలోనే ఉండిపోయింది. పట్టణం చుట్టూ ప్రైవేటు బడుల పసుపు బస్సులు తిరుగుతుంటాయి, అడవి దిక్కున లంబాడా తండాలు, కోయ గూడేలు ఉంటాయి. సర్కారు ప్రాథమిక పాఠశాలకు రాష్ట్రమంతటా ఉన్న రెండు చిక్కులూ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. కొన్ని ఊళ్ల పిల్లలు బడి వదిలి పట్నం బడికి వెళ్లిపోతున్నారు. కొన్ని ఊళ్ల పిల్లలు బడికి రావాలనుకున్నా రాలేకపోతున్నారు.

మొదటి చిక్కుకు వైరా మండలంలోని నారపనేనిపల్లి పేరు దేశమంతా తెలిసిన ఉదాహరణ. 2025లో ఆ ఊరి ప్రాథమిక పాఠశాల వార్తలకెక్కింది. నాలుగో తరగతి చదివే ఒక్క విద్యార్థిని, ఆమెకు పాఠం చెప్పే ఒక్క టీచరు, అంతే బడి. దాని మీద ఏడాదికి పన్నెండు లక్షల రూపాయలకు పైగా ఖర్చవుతోందని పత్రికలు లెక్క కట్టాయి. ఒక్క పిల్ల కోసం ఇంత అవసరమా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ఐదో తరగతి లోపు పిల్లలకు కిలోమీటరు దూరంలో బడి ఉండాలి. ఒక్క పిల్ల ఉన్నా ఆ హక్కు హక్కే. ఆ మాటకొస్తే నారపనేనిపల్లి నయం. కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఒక్క విద్యార్థి కూడా చేరని బడులు 7,993 ఉంటే, అందులో తెలంగాణవే 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత రెండో స్థానం మనదే.

ఖర్చు చర్చలో పెద్దగా ఎవరూ ఎత్తని విషయం ఇంకొకటుంది. ఒంటరిగా చదివే పిల్లకు టీచరు దృష్టి మొత్తం దక్కుతుంది, నిజమే. కానీ దాగుడుమూతలు ఆడడానికి ఎవరూ ఉండరు, పలక అడిగి పుచ్చుకోవడానికి ఎవరూ ఉండరు, పోట్లాడి మళ్లీ కలిసిపోవడం నేర్చుకోవడానికి అసలే ఉండరు. ఆ వయసులో ఇవన్నీ చదువులో భాగమే. బస్సెక్కి పట్నం పోయే పిల్లల సంగతి మరోలా ఉంటుంది. వాళ్లకు స్నేహితులు దొరుకుతారు గానీ, వాళ్ల తల్లిదండ్రులకు బడితో సంబంధం బస్సు కిటికీ దగ్గరే ఆగిపోతుంది. ఫీజు కబురు తప్పకుండా ఇంటికి వస్తుంది. పిల్లవాడు మధ్యాహ్నం డబ్బా తినకుండా తిరిగి తెచ్చాడన్న కబురు బడికి వెళ్లదు. ఊళ్లోని బడి ఖాళీ అయితే పోయేది గదులు మాత్రమే కాదు, టీచరు పొలం గట్టున కనిపిస్తే తల్లి నిలబడి మాట్లాడే వీలు కూడా పోతుంది.

ఆ వీలును చట్టం కొంతవరకు వ్యవస్థగా మార్చింది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన విద్యాహక్కు చట్టం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి, సగం మంది మహిళలు కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మహిళా సంఘాలను బడి బాధ్యతలోకి తెచ్చింది. మరమ్మతులు చేయించే పని ఈ కమిటీలకు అప్పగించారు. పిల్లల యూనిఫాం కుట్టే పని కూడా సంఘాల మహిళలకే ఇచ్చారు. జూన్‌లో బడులు తెరిచే ముందు బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. నెలలో మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టే పద్ధతీ వచ్చింది.

కాగితం మీద ఇంతకన్నా కావలసిందేమీ లేదు. నడిచే తీరులోనే తేడా. కూలికి పోయే తల్లికి శనివారమైనా పని దినమే. సమావేశానికి వస్తే ఆ పూట కూలి పోతుంది. వచ్చినవారు వెనక వరుసలో కూర్చుంటారు. హాజరు శాతం, కొత్త ఉత్తర్వులు, రాబోయే పరీక్షలు చదివి వినిపిస్తారు, రిజిస్టరులో సంతకాలో వేలిముద్రలో పడతాయి, టీ తాగి వెళ్లిపోతారు. తల్లి నోరు విప్పే సందర్భం ఆ గంటలో ఎక్కడా రాదు. కబురు అంతా బడి నుంచి ఊరికే నడుస్తుంది, ఊరి నుంచి బడికి రాదు. ఈ లోటు సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. సమావేశాన్ని కూలి నుంచి తిరిగొచ్చే వేళకు జరపడం, ఒక్కో తల్లితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడడం చాలు. పిల్లవాడు ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఎవరి దగ్గర ఉంటున్నాడు, బడి గురించి ఇంట్లో ఏమంటున్నాడు అని అడిగితే మార్కుల పట్టిక చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి.

పిల్లల క్షేమంలో ఊరి చేయి నేరుగా పడే చోటు మధ్యాహ్న భోజనం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో వండిన అన్నం పెట్టడం ప్రభుత్వాలకు తప్పనిసరైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది, వంట బాధ్యత మహిళా సంఘాలకు దక్కింది. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అన్నీ కలిపి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది కొలత. తెలంగాణ 2015 జనవరి నుంచి సన్నబియ్యం ఇస్తోంది. వారానికి మూడు గుడ్లు కూడా ఉన్నాయి.

ఈ కొలత సరిగా అందుతోందా అన్నది తెలుసుకోవడానికి తనిఖీ అధికారి కోసం చూడనక్కర్లేదు. వడ్డించే వేళ వరండాలో పది నిమిషాలు నిలబడితే చాలు. పప్పు గరిట వంచితే నీళ్లు ముందు జారుతున్నాయా, గుడ్డు రోజున హాజరు పెరుగుతోందా, చిన్న తరగతుల వాళ్ల వంతు వచ్చేసరికి కూర మిగులుతోందా అన్నవి కళ్లముందే ఉంటాయి. గుడ్డు రోజున మాత్రమే తప్పకుండా వచ్చే పిల్ల ఉందంటే ఆ ఇంటి పరిస్థితి గురించి ఆ ఒక్క సంగతే చాలా చెబుతుంది. వండే తల్లులకు ఇది అందరికన్నా ముందు తెలుస్తుంది, ఎందుకంటే ఎవరెంత తింటారో వాళ్లకు పేరు పేరునా గుర్తు. విచిత్రమేమిటంటే, వాళ్లను సమావేశంలో కూర్చోబెట్టి అడిగే బడులు తక్కువ.

ఆరోగ్యం విషయంలో బడికి కబురు ఎంత అవసరమో మాత్రల రోజున తేలుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికోసారి బడికి వచ్చి చూపు, వినికిడి, పళ్లు, రక్తహీనత, గుండె లోపాల వంటివి పరీక్షిస్తుంది. ఐదు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు వారానికొక గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇవ్వాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లకు ఈ మాత్ర వేసుకున్నాక కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. ముందురోజే ఇంటికి ఆ మాట చెప్పి, అన్నం తిన్నాకే మాత్ర వేస్తే గొడవ ఉండదు. చెప్పకపోతే ఒక పిల్లకు వాంతి కాగానే బడిలో మందు వికటించిందని పుకారు లేస్తుంది, సాయంత్రానికి తల్లిదండ్రులు గేటు ముందు ఉంటారు, మరుసటి ఏడాది సగం మంది మాత్ర వద్దంటారు. అలాగే పరీక్షలో చూపు లోపం బయటపడినా ఆ చీటీ పుస్తకాల సంచిలోనే నలిగిపోతే కళ్లజోడు ముక్కు మీదికి రాదు.

రెండో చిక్కు, అంటే పిల్లలు బడికి రాలేకపోవడం, అడవి అంచు ఊళ్లలో కాలంతో పాటు వచ్చి పోతుంది. ఖమ్మం మిర్చికి పేరున్న నేల. సంక్రాంతి దాటాక చేలన్నీ ఎర్రబడతాయి, కాయ ఏరడానికి భద్రాచలం ఏజెన్సీ నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ కుటుంబాలు కదిలి వచ్చి చేల పక్కన గుడిసెలు వేసుకుంటాయి. తల్లీ తండ్రీ చేలో ఉంటే ఎనిమిదేళ్ల ఆడపిల్ల చంటిబిడ్డను ఎత్తుకుని గట్టున కూర్చుంటుంది. సొంత ఊరి బడిలో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు పడుతుంటుంది, వచ్చిన చోట బడిలో పేరే ఉండదు. ఎండలు ముదిరాక ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు సేకరణ వస్తాయి. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. అయితే కుటుంబం బండెక్కే ముందు బడికి తెలిస్తేనే అది పనికొస్తుంది. పోయిన పది రోజులకు తెలిస్తే ఆ పిల్లను వెతకడానికే నెల పడుతుంది. వలస వచ్చిన ఊరి టీచరు గుడిసెల దాకా నడిచి వెళ్లి, పిల్లల్ని పేరు లేకపోయినా తరగతిలో కూర్చోబెట్టుకుంటే, ఒక పూట అన్నమైనా దక్కుతుంది. చట్టం ప్రకారం ఏడాదిలో ఎప్పుడు వచ్చినా చేర్చుకోవాల్సిందే, పత్రాలు లేవని తిప్పి పంపకూడదు.

ఆ పిల్ల బడికి వచ్చిందనుకుందాం. అక్కడ మాట్లాడే తెలుగు ఆమె ఇంటి భాష కాకపోవచ్చు. కోయ పిల్లలకు కోయ, తండా పిల్లలకు లంబాడీ. ఒకటో తరగతిలో నోరు మెదపని పిల్లను మందమతి అని పక్కన పెట్టడం ఈ ప్రాంతపు బడుల్లో పాత జబ్బు. నూరేళ్ల కిందటే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి వాచకాలు రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు, ఖమ్మం జిల్లా వంతుకు కోయ వచ్చింది. ఆ ప్రయత్నం ఆశించినంత వేళ్లూనలేదు. అయినా గూడెం నుంచి వచ్చిన పిల్లను మొదటి రోజు ఆమె భాషలో పేరడిగి, నీళ్లు కావాలా అని అడగగలిగే టీచరు దగ్గర ఆమె ఏడవదు. అందుకు కావలసింది ఇరవై ముప్పై మాటలు, అవి నేర్పడానికి ఊళ్లో ప్రతి అమ్మా సిద్ధంగా ఉంటుంది.

భయం సంగతి కూడా చెప్పుకోవాలి. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చుకునేలా మాట్లాడడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఇది తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. తెలిసినా రెండు తగిలించండి సార్ అని వాళ్లే అంటారు. పిల్లకు ఇంట్లోనూ బడిలోనూ దెబ్బలే అయితే చెప్పుకోవడానికి మూడో చోటు ఉండదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, అంటే లైంగిక వేధింపు, ఎదురైనప్పుడు కూడా ఆ మౌనమే కొనసాగుతుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, పరువు పోతుందని ఊరి పెద్దల దగ్గర సర్దుబాటు చేయడం నేరం. పిల్ల చెప్పిన మాట నమ్మడం ఇక్కడ మొదటి పని. విచారణ పోలీసులు చేస్తారు, టీచరు చేయనక్కర్లేదు.

ఇప్పుడు బడి కబుర్లలో ఎక్కువ భాగం వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తోంది. సెలవు, ఫీజు, జెండా పండుగ, బతుకమ్మ ఫొటోలు క్షణాల్లో చేరతాయి. ఫోను తండ్రి జేబులో ఉండి, పిల్లను చూసుకునేది తల్లో అమ్మమ్మో అయితే ఆ వేగం వల్ల ఒరిగేదేమీ లేదు. గ్రూపులో పెట్టకూడనివి కూడా పెడుతున్నారు: మార్కుల పట్టికలు, చదవలేని పిల్లల పేర్లు, ఏడుస్తున్న పిల్లవాడి వీడియో. వేధింపు కేసుల్లో పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టమే నిషేధించింది. మిగతా వాటికి ఇంగితం సరిపోవాలి. అందరికీ చెప్పాల్సింది గ్రూపులో, ఒక పిల్ల గురించి చెప్పాల్సింది ఆ పిల్ల ఇంటివారికి మాత్రమే అన్న నియమం ఒక్కటి పెట్టుకున్నా బడి గౌరవం నిలుస్తుంది.

ఈ పత్రిక చదివే తల్లిదండ్రులు వచ్చే మూడో శనివారం బడికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు మరో మూడు మాటలు అడగాలి: మా పిల్ల ఎవరితో ఆడుతోంది, అన్నం ఎంత తింటోంది, దేనికి భయపడుతోంది. టీచరు కూడా అవే మూడు మాటలు ఇంటివారిని అడగాలి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కు, ఇంట్లో ఎవరికైనా మనసు కలతగా ఉంటే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. రెండూ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తాయి. ఈ రెండు నంబర్లను బడి గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించమని కమిటీని అడగడం ఏ తల్లిదండ్రులైనా ఈ నెలలోనే చేయగల పని.