కోచ్ మారాడు, ఓనర్ మారాడు.. చివరికి ఊరే మారింది! హైదరాబాద్ ఎఫ్‌సీకి అసలేమైంది?

హైటెక్ సిటీలో షిఫ్ట్ ముగించుకుని, మెడలో ఐడీ కార్డు తీయకుండానే గచ్చిబౌలి స్టేడియానికి పరుగెత్తి ఫుట్‌బాల్ మ్యాచ్ చూసిన వాళ్లు చాలామందే ఉన్నారు. సీజన్ అయిపోతే చాలు, వాళ్ల మధ్య ఒకటే చర్చ. కొత్త కోచ్ ఎవరు? విదేశీ కోచ్ కావాలా, మనోడే బెటరా? వచ్చే సీజన్‌లో ప్లేఆఫ్స్‌కి వెళ్తామా లేదా?

ఇప్పుడు ఆ చర్చ పెట్టుకుందామన్నా టీమే లేదు. 2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిపోయింది. ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన టీమ్‌కి మూడున్నరేళ్లలో ఈ పరిస్థితి ఎందుకొచ్చింది? తప్పు కోచ్‌లదేనా? ఓసారి మొదటి నుంచి చూద్దాం.

అట్టడుగు నుంచి టాప్‌కి

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైంది. తొలి కోచ్ ఇంగ్లండ్‌కి చెందిన ఫిల్ బ్రౌన్. ఫలితాలు రాకపోవడంతో 2020 జనవరిలోనే, అంటే సీజన్ మధ్యలోనే అతన్ని పంపించేశారు. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌ల్లో వచ్చింది 10 పాయింట్లు. పట్టికలో చివరి స్థానం.

ఆ తర్వాత స్పెయిన్ కోచ్ ఆల్బర్ట్ రోకా పేరు ఖరారైంది. కానీ కొత్త సీజన్ మొదలయ్యేలోపే ఆయన బార్సిలోనా క్లబ్‌కి వెళ్లిపోయాడు. దీంతో 2020 ఆగస్టు చివర్లో హడావుడిగా మరో స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్‌ని తీసుకొచ్చారు.

అదే క్లబ్ తలరాత మార్చింది. మార్క్వెజ్ కుర్రాళ్లని నమ్మాడు. తొలి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది ఏకంగా కప్పు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1తో సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో హైదరాబాద్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచెకి గోల్డెన్ బూట్ దక్కింది.

కోచ్ మారితే టీమ్ మారుతుందనే వాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గచ్చిబౌలి చూసింది ఒక్క మంచి సీజనే

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే టీమ్ చాంపియన్ అయిన ఏడాది మన స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు.

2022-23లో టీమ్ తిరిగి గచ్చిబౌలికి వచ్చింది. 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. ఐటీ కారిడార్ ఫ్యాన్స్ తమ కళ్లముందు చూసిన మంచి సీజన్ అదొక్కటే.

2023 సమ్మర్‌లో అసలేం జరిగింది?

సీజన్ ముగిశాక మార్క్వెజ్ ఎఫ్‌సీ గోవాకి వెళ్లిపోయాడు. ఒగ్బెచె, ఆకాశ్ మిశ్రా, హాలీచరణ్ నర్జరీ, బోర్హా హెరేరా లాంటి కీలక ప్లేయర్లు కూడా క్లబ్‌ని వీడారు. ఐర్లాండ్‌కి చెందిన కానర్ నెస్టర్ కొత్త కోచ్‌గా వచ్చాడు. యథావిధిగా ఫ్యాన్స్ చర్చంతా అతని మీదే నడిచింది.

కానీ అసలు సమస్య డబ్బు. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది. సీజన్ మధ్యలో నెస్టర్ వెళ్లిపోయాడు. విదేశీ ప్లేయర్లు, సీనియర్లు ఒక్కొక్కరుగా దారి చూసుకున్నారు. థాంగ్‌బోయ్ సింగ్టో కోచ్ బాధ్యతలు తీసుకుని కుర్రాళ్లతోనే మ్యాచ్‌లు ఆడించాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. 8 పాయింట్లతో మళ్లీ అట్టడుగు.

ట్రాన్స్‌ఫర్ బ్యాన్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే, ప్లేయర్‌కి ఇవ్వాల్సిన డబ్బులు క్లబ్ ఎగ్గొడితే అతను ఫిఫాకి ఫిర్యాదు చేయొచ్చు. తీర్పు వచ్చాక కూడా క్లబ్ కట్టకపోతే కొత్త ప్లేయర్లని రిజిస్టర్ చేసుకునే అవకాశం పోతుంది. ఉన్నవాళ్లు వెళ్లిపోవచ్చు, కొత్తవాళ్లు మాత్రం రాలేరు. అలాంటి టీమ్‌ని ఎంత పెద్ద కోచ్ చేతిలో పెట్టినా చేసేదేముంటుంది?

ఓనర్ మారినా గాడిన పడలేదు

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. సీజన్ దగ్గరపడ్డాక హడావుడిగా టీమ్‌ని కట్టారు. ఫలితాలు రాలేదు. డిసెంబర్‌లో సింగ్టోని తప్పించి షమీల్ చెంబకత్‌కి తాత్కాలిక బాధ్యతలు ఇచ్చారు. అయినా 13 జట్లలో 12వ స్థానమే. ఆ తర్వాతి సీజన్ నాటికి క్లబ్ ఢిల్లీ చేరింది.

టీమ్ ఊరు ఎలా మారుతుంది?

ఐఎస్ఎల్ ఫ్రాంచైజీ లీగ్. క్లబ్ ఓనర్‌ది, ఊరిది కాదు. నిజానికి హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా మూతపడ్డ ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో వచ్చిందే. అప్పుడు పుణె ఫ్యాన్స్ బాధపడ్డారు, మనం సంబరపడ్డాం. ఆరేళ్లు తిరిగేసరికి మన వంతు వచ్చింది.

కోచ్‌లని పుట్టించిన ఊరు ఇది

బాధ ఎక్కువగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. భారత ఫుట్‌బాల్‌లో గొప్ప కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదీనే. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. రహీమ్ సాబ్ వెనుక కోట్ల రూపాయల ఫ్రాంచైజీ లేదు. కానీ పోలీస్ జట్టులో ప్లేయర్లకి ఉద్యోగం ఉంది, నెలనెలా జీతం ఉంది. ఆటగాడికి రేపటి గురించి భయం లేకపోతేనే కోచ్ చెప్పింది బుర్రకెక్కుతుంది.

మరి ఫ్యాన్స్ ఇప్పుడేం అడగాలి?

గ్రౌండ్ ఇంకా ఇక్కడే ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలోనే జరిగింది. భారత కోచ్‌గా మార్క్వెజ్ తొలి మ్యాచ్ ఆడించింది ఈ స్టేడియంలోనే. అదే ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కీ ఇదే వేదిక. అటు అజీజ్ నగర్‌లోని డెక్కన్ అరీనా కేంద్రంగా ఆడిన శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్ సీజన్లలో వరుసగా రన్నరప్‌గా నిలిచింది. అంటే ఈ సిటీలో ఫుట్‌బాల్‌కి చోటు లేదని చెప్పడానికి వీల్లేదు.

రేపు మరో టీమ్ గచ్చిబౌలికి వస్తే కోచ్ ఎవరని అడగడంలో తప్పులేదు. కానీ అంతకంటే ముందు అడగాల్సినవి ఇవి. పాత బకాయిలు క్లియర్ అయ్యాయా? ట్రాన్స్‌ఫర్ బ్యాన్ ఏమైనా ఉందా? యూత్ టీమ్ ఉందా, లోకల్ కుర్రాళ్లకి ఛాన్స్ ఉందా? ఓనర్ ఎన్నేళ్లు ఉంటానని మాటిస్తున్నాడు?

మార్క్వెజ్ లాంటి కోచ్ అట్టడుగున ఉన్న టీమ్‌ని చాంపియన్ చేయగలడు. ఒకటో తారీఖున జీతం వేయాల్సింది మాత్రం క్లబ్బే.