పెళ్లి తెరకు ఏ అంచు మేలు?
కుచ్చులా, లేసా, మడత కుట్టా? - కొనేముందు చూడవలసిన సంగతులు

శ్రీముఖలింగం: పెళ్లి పీటల మీద వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర చూడటానికి చిన్న గుడ్డే. అయినా జీలకర్ర బెల్లం పెట్టి తెర దించేవరకు పందిట్లో అందరి చూపూ దాని మీదనే ఉంటుంది. ఒకప్పుడు కొత్త తెల్లగుడ్డకు నాలుగు మూలలా పసుపు రాసి పట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు జరీ, లేసు, పూసలు, పేర్ల కుట్టుపని వచ్చాయి. దాంతో అంచు ఎలా ముగించాలన్నది ఆడపెళ్లివారి ఇళ్లలో ఒక చర్చ అయింది.

మగ్గం మీద నేసిన గుడ్డకు రెండు పక్కల అంచులు పేక తిరిగి వచ్చి గట్టిపడి ఉంటాయి. అవి ఊడవు. కత్తిరించిన రెండు కొనలే పోగులు వదులుతాయి. కనుక కుట్టు అవసరమైనది ఆ రెండు కొనలకే. ఈ సంగతి తెలియక నాలుగు వైపులా లేసు కుట్టించి డబ్బు వృథా చేసుకునేవారున్నారు.

జిల్లాలోని పొందూరు ఖద్దరు ఇందుకు చక్కని గుడ్డ. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన సన్నని నూలుతో నేసేది అది. చేనూలు గనుక కత్తిరించిన చోట త్వరగా విడిపోతుంది. అర అంగుళం చొప్పున రెండు మడతలు వేసి చేత్తో కుట్టిస్తే నిలుస్తుంది. మిషను మీద పీకో చేయిస్తే పని త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువే. కాని సన్నని గుడ్డ అంచు ముడుచుకుపోయే అవకాశం ఉంది.

కుచ్చులు కావాలనుకుంటే కొనలో నాలుగు వేళ్ల మేర పేక పోగులు లాగేసి, మిగిలిన పడుగు పోగులను గుత్తులుగా ముడివేయాలి. అందం బాగుంటుంది. అయితే పొడవు ఎక్కువైతే తెర దించేటప్పుడు బాసికానికో, నగలకో చిక్కుకుంటాయి. అందుచేత కుచ్చులను పొట్టిగా ఉంచడం, తెర పట్టేవారి చేతివైపు పెట్టుకోవడం మేలు.

లేసు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నైలాను లేసు నూలుగుడ్డతో పాటు కుదించుకోదు. ఒక్కసారి తడిస్తే అంచు ముడతలు పడుతుంది. కాబట్టి కుట్టక ముందే గుడ్డను నీటిలో నానబెట్టి ఆరవేయాలి. పందిట్లో దీపాలు, హోమగుండం దగ్గరలోనే ఉంటాయి. నిప్పు తగిలితే నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది. లేసు పోగు ఒకటి లాగి దీపానికి చూపితే తేడా తెలిసిపోతుంది: నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, నైలాను కరిగి గట్టి ఉండ కడుతుంది.

ఎర్రంచు కోరేవారు దాని రంగు పోతుందేమో ముందుగా చూడాలి. తడిపి తెల్లగుడ్డ మీద అదిమితే మరక పడిందీ లేనిదీ తెలుస్తుంది. లేకుంటే తలంబ్రాల తడి తగిలి వధువు మధుపర్కం చీరకే రంగు అంటవచ్చు.

వంశధార ఒడ్డున ముఖలింగేశ్వరుని సన్నిధిలో మూడు ముళ్లు వేయించాలనుకునే పేద కుటుంబాలకు ఖర్చులోనూ మడత కుట్టే అనుకూలం. గుడ్డ, సూది, తెల్లదారం ఉంటే ఇంట్లో ఆడవారే ఒక పూటలో ముగించుకోవచ్చు. ముహూర్తం ముందురోజు దర్జీ దగ్గరకు పరుగెత్తకుండా, లగ్నపత్రిక రాయించిన వారంలోనే తెర పని పూర్తి చేసుకుంటే ఆఖరి గడియలో హైరానా ఉండదు.