కోరానికెందరు? భోజనానికెందరు?

రైతులు వాటాలు వేసుకుని పెట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీలు ఇప్పుడు చాలా మండలాల్లో కనిపిస్తున్నాయి. కంపెనీ అన్నాక ఏటా సర్వసభ్య సమావేశం జరపక తప్పదు. షామియానా, కుర్చీలు, మైకు, భోజనాలు అన్నీ వాటాదారుల సొమ్ముతోనే. దేశమంతటా పదివేల రైతు సంస్థలు నెలకొల్పేందుకు 2020లో కేంద్రం తెచ్చిన పథకం కింద ఏర్పడిన సంస్థకు నిర్వహణ ఖర్చుల కోసం రూ.18 లక్షల వరకు సాయం వుంది గాని, అది మూడేళ్లకే. ఆపైన టీ నీళ్ల ఖర్చు కూడా సభ్యులదే.

అయినా చాలాచోట్ల ఈ ఖర్చుకు ఆధారం నోటిమాటే. 'వెయ్యిమంది సభ్యులున్నాం, వెయ్యిమందికి వండిద్దాం' అంటారు. వండినది మిగిలిపోతుంది. మరోపక్క కోరానికి మనుషులు చాలరు!

చట్టం ప్రకారం సభ్యుల్లో నాలుగోవంతు హాజరు కావాలి. నోటీసు కనీసం 14 రోజుల ముందు అందాలి. వెయ్యిమంది వున్న కంపెనీలో 249 మంది వస్తే తీర్మానాలు చెల్లవు. మళ్లీ నోటీసులు, మళ్లీ షామియానా.

దీనికి మందు కంపెనీ బీరువాలోనే వుంది. నిరుటి సంతకాల పుస్తకం ఒకటి, నిరుటి బిల్లులు ఒకటి. ఈ రెండూ రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఉదాహరణకు నిరుడు సంతకాలు 260 అనుకుందాం. విస్తరాకులు 500 కొంటే 110 మిగిలాయి. అంటే తిన్నవారు 390 మంది. పిల్లలు, ఆటోవాళ్లు, ఆ ఊరి పెద్దలు అందరూ కూర్చున్నారన్నమాట. కూర్చోవద్దని మన ఊళ్లలో ఎవరంటారు? కాబట్టి వంటకు విస్తరాకుల లెక్క చూడాలి, కోరానికి సంతకాల లెక్క చూడాలి. విస్తరికి రూ.120 చొప్పున వెయ్యిమందికి రూ.1,20,000. నాలుగు వందల మందికైతే రూ.48,000. తేడా రూ.72,000. తలా వెయ్యి రూపాయలు వాటా వేసిన 72 మంది రైతుల సొమ్ము అది.

షామియానాకు, మైకుకు ఈ లెక్క పనికిరాదు. ఎందరొచ్చినా అద్దె ఒక్కటే. అక్కడ ఇద్దరు ముగ్గురిని ధర అడగడమే దారి.

ఇక 260 అంటే కోరం గట్టెక్కింది పదిమందితోనే. అందుకే సంతకాలను ఊరివారీగా విడదీయాలి. ఒక ఊళ్లో 180 మంది సభ్యులుండి 20 మందే వచ్చారంటే కారణం వుంటుంది. ఆ రోజు అక్కడ సంతా? ఆ వేళకు బస్సు లేదా? సాధారణంగా ఈ సభలు సెప్టెంబరులో పడతాయి. పత్తికి మందు కొట్టే రోజులు, పైగా వానలు. ఆ ఊరికి రెండు ఆటోలు పంపినా సభ వాయిదాపడ్డ ఖర్చులో అది ఏ మూలకు?

ఒక్క జాగ్రత్త. పుస్తకం ఇంటింటికీ తిప్పి పెట్టించిన సంతకాలు అటు అంచనాకూ పనికిరావు, ఇటు చట్టానికీ ఆనవు.

సంతకాలు, విస్తరాకులు, ఆనాటి వాన, చెల్లించిన బిల్లులు అన్నీ ఒక కాగితం మీద సభ ముగిసిన సాయంత్రమే రాసిపెట్టాలి. తెల్లవారితే మిగిలిన విస్తరాకుల కట్టలు ఎవరింటికి చేరాయో చెప్పేవాళ్లుండరు.