గల్ఫ్ ‘అన్‌ఫిట్’కు పసరు మందు కాదు, రక్తపరీక్ష కావాలి

కోరుట్ల: అప్పు చేసి, పాస్‌పోర్టు తీసుకొని, ఏజెంటు చుట్టూ తిరిగి, చివరకు మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అయి ఇంటిముఖం పట్టే యువకులు కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలకు కొత్త కాదు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి. ఒంట్లో వైరస్ ఉన్నదని పలువురికి తెలిసేది అక్కడే. అంతవరకు నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు.

ఆ తరువాత కొందరు పసరు మందుకు పోతారు. మరికొందరు ఎవరికీ చెప్పక కాగితం దాచుకుంటారు. అయితే ఆ కాగితం వైరస్ సంగతే చెబుతుంది. కాలేయం ఎంత చెడిందన్నది వేరే చూసుకోవాలి.

ఇందుకు పూర్వం సూది గుచ్చి కాలేయం ముక్క తీసి పరీక్షించేవారు. ఇప్పుడు మామూలు లాబొరేటరీలో చేసే రెండు రక్తపరీక్షలతో చాలావరకు అంచనా వేయవచ్చు. ఒకటి ఎస్.జి.ఒ.టి., రెండవది ప్లేట్‌లెట్ల సంఖ్య. 2003లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఈ లెక్క పేరు ‘ఆప్రి’.

ఎస్.జి.ఒ.టి.ని లాబొరేటరీ గరిష్ఠ పరిమితితో భాగించి, వందతో హెచ్చించి, ప్లేట్‌లెట్లను వేలలో తీసుకొని మళ్లీ భాగించాలి. ఎస్.జి.ఒ.టి. 60, పరిమితి 40, ప్లేట్‌లెట్లు 3 లక్షలైతే 0.5 వస్తుంది. ప్లేట్‌లెట్లు లక్షా 20 వేలే ఉంటే 1.25 అవుతుంది. కాలేయం గట్టిపడితే రక్తప్రవాహానికి అడ్డు తగిలి ప్లీహం ఉబ్బుతుంది. ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకొని తగ్గుతాయి.

హెపటైటిస్ బి ఉన్న పెద్దలలో ఈ అంకె 0.5 దాటితే చికిత్స అవసరమని, 1 దాటితే సిరోసిస్‌కు సూచన అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పేర్కొన్నది. మద్యం వల్ల ఎస్.జి.ఒ.టి. పెరుగుతుంది, డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కనుక ఒక్క అంకె చూసి బెదరరాదు. తక్కువ వచ్చినా వైరస్ మోతాదు పరీక్ష మానరాదు. నిర్ణయం డాక్టరుదే.

2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి సాధారణంగా 12 వారాల మందులతో నయమవుతుంది. హెపటైటిస్ బి రోజూ వేసుకునే మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది. కలసి తిన్నంత మాత్రాన అంటదు. అయితే భార్యాపిల్లలకు పరీక్ష చేయించి, లేనివారికి టీకా వేయించాలి.

ఈ లెక్క వల్ల పోయిన వీసా తిరిగి రాదు. కాని ‘అన్‌ఫిట్’ కాగితం పెట్టెలో మడిచిపెట్టక వెంటనే డాక్టరుకు చూపితే కాలేయం దక్కుతుంది.